లెక్క ఎవరికి చెప్పాలి?

(దివంగత ఉపదేశుల స్మారకార్థం నౌపడలో చేసిన ఉపన్యాసం పాఠం)



స్మారకోపన్యాసాలు మామూలుగా ఒక పెద్దమనిషి పేరిట జరుగుతాయి. గోడమీద ఆయన ఫొటో, దానికి దండ, ఉపన్యాసంలో ఆయన జీవిత విశేషాలు. ఇక్కడ ఫొటో లేదు. టెక్కలి, పలాస, ఉద్దానం ఊళ్లలో కాలినడకనా సైకిలు మీదా తిరిగి, ప్రార్థనలు నేర్పి, చావుబతుకుల్లో ఉన్నవాళ్ల దగ్గరికి గురువును పిలుచుకొచ్చిన ఉపదేశులందరినీ కలిపి ఇవాళ తలుచుకుంటున్నాం. వాళ్లు మరో పని కూడా చేశారు. దాన్నెవరూ ప్రసంగాల్లో చెప్పరు. వాళ్లు వసూళ్లు చేశారు, లెక్కలు రాశారు. ఉద్యోగమంతా బ్యాంకు పుస్తకాల మధ్య గడిపినవాణ్ణి గనక నేను ఆ పని గురించే మాట్లాడతాను. గుళ్లో డబ్బు మాట ఎత్తకూడదని మనలో చాలామందికి పట్టింపు ఉంది. నా అనుభవంలో డబ్బు మాట ఎత్తని చోటే డబ్బు తగాదాలు ఎక్కువ.

ముందు మన స్థితి చూద్దాం. విశాఖపట్నం నుంచి విడదీసి శ్రీకాకుళం మేత్రాసనాన్ని 1993 జులై 1న ఏర్పాటు చేశారు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి శ్రీకాకుళం జిల్లా జనం 27 లక్షలు. అందులో క్రైస్తవులమని రాయించుకున్నవాళ్లు, అన్ని సంఘాలవాళ్లనూ కలిపినా, నూటికి ఒక్కరు కూడా తేలరు. రాయించుకోనివాళ్లు ఎందుకు రాయించుకోరో క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా ఇవ్వని 1950 నాటి ఉత్తర్వు తెలిసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఇంత పలచగా ఉన్నవాళ్లు పలు ఊళ్లలో చెదిరి ఉన్నారు. పట్నంలో విచారణ అంటే ఒక గుడి. మన దగ్గర విచారణ అంటే ఒక గుడి, దాని చుట్టూ బోలెడన్ని ఊళ్లు. ఒక ఊళ్లో చిన్న గుడి, ఇంకో ఊళ్లో రేకుల పాక, మరో ఊళ్లో ఎవరింటి అరుగో. కానుక వేసేది ఎవరు? నౌపడ ఉప్పుమడుల్లో ఎండకి మాడేవాళ్లు, పలాస–కాశీబుగ్గ జీడి కార్ఖానాల్లో కిలోల లెక్కన కూలి తీసుకునే ఆడవాళ్లు, వేటకెళ్లేవాళ్లు, వేట చాలక గుజరాత్‌లోని వేరావల్ దాకా వలసపోయేవాళ్లు.

మరి ఇన్నాళ్లూ ఈ గుళ్లు, బడులు, ఆస్పత్రులు ఎలా నిలిచాయి? ఎక్కువ భాగం బయటి డబ్బుతోనే. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన పని లేదు. అది ఎవరి డబ్బో తెలుసుకుంటే సిగ్గు పోయి గౌరవం కలుగుతుంది.

ఫ్రాన్సులో లియాన్ పట్టు నేతకు పేరుబడ్డ ఊరు. పౌలీన్ జారికో అనే అమ్మాయి 1819 ప్రాంతంలో అక్కడి పట్టు కార్ఖానా కూలి ఆడవాళ్లను పదేసి మంది జట్టుగా చేసి, మనిషికి వారానికి ఒక్క ‘సూ’ చొప్పున విదేశీ వేదవ్యాప్తి కోసం వసూలు మొదలుపెట్టింది. సూ అంటే ఆ దేశపు చిల్లర నాణెం. ఆ పద్ధతి మీదే 1822 మే 3న విశ్వాస వ్యాప్తి సంస్థ ఏర్పడింది. 1846లో ఆనెసీ నుంచి ఫ్రాన్సిస్ సేల్స్ సభ గురువులు విశాఖపట్నం వచ్చారు. ఆనెసీ ఉన్న సవాయ్ కొండసీమ కూడా అప్పట్లో కలిగిన ప్రాంతమేమీ కాదు. వాళ్ల తర్వాత 1849లో ఆనెసీ సెయింట్ జోసెఫ్ సిస్టర్లు వచ్చారు. ఆ కాలపు వేదవ్యాప్తి పనులకు లియాన్ చిల్లరే పెద్ద ఆసరా. ఉత్తరాంధ్ర కతోలిక చరిత్రను రాజులతోనో దొరలతోనో మొదలుపెట్టేవాళ్లు ఈ కూలి అమ్మాయిల దగ్గర ఒకసారి ఆగాలి.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న సంగతి వేరే ఉంది. ఆ సంస్థ ఒక పత్రిక అచ్చు వేసేది. పదిమంది జట్టుకు ఒక ప్రతి. దాన్ని ఒకరి తర్వాత ఒకరు చదువుకోవాలి. వేదవ్యాప్తి చేసే గురువుల ఉత్తరాలతోపాటు ఏటా జమాఖర్చులు కూడా అందులో వేసేవారు. ఏ మేత్రాసనం నుంచి ఎంత వచ్చింది, ఏ దేశపు మిషనుకు ఎంత పోయింది అనేది అంతా. వారానికి ఒక సూ ఇచ్చిన కార్మికురాలికి, తానెన్నడూ చూడబోని ఊళ్లో తన డబ్బు ఏమైందో తెలుసుకునే హక్కు ఉందని వాళ్లు గుర్తించారు. దాదాపు రెండు వందల ఏళ్ల కిందటి మాట ఇది.

జారికో జీవితంలో రెండో అధ్యాయం మనవాళ్లు తక్కువ చెబుతారు. తర్వాతి కాలంలో ఆమె పనివాళ్ల కోసం ఒక ఆదర్శ కార్ఖానా పెట్టాలనుకుని, పేదల దగ్గర కూడా అప్పులు తెచ్చి పెట్టుబడి పెట్టింది. నడపడానికి నమ్మినవాళ్లు మోసం చేశారు. ఆమె మిగతా జీవితమంతా ఆ అప్పులు తీర్చడంతోనే సరిపోయింది. 1862లో చనిపోయేనాటికి ఆమె నిరుపేదల జాబితాలో ఉంది. శ్రీసభ 2022 మే 22న లియాన్‌లోనే ఆమెను ధన్యురాలిగా ప్రకటించింది. మనసు ఎంత మంచిదైనా, భక్తి ఎంత గొప్పదైనా, లెక్కలు చూసే రెండో కన్ను లేకపోతే పేదల డబ్బు పోతుంది. ఫాదర్ మంచివారు గనక లెక్కలు అడగక్కర్లేదు అనేవాళ్లకు నా జవాబు పౌలీన్ జారికో. ఆమె కంటే మంచివాళ్లు మన విచారణలో ఎంతమంది ఉన్నారు?

ఇక మన పద్ధతికి వద్దాం. పిడికెడు బియ్యం సంగతి ఇక్కడ కూర్చున్న ఆడవాళ్లకు నేను చెప్పనవసరం లేదు. అయినా కుర్రకారు కోసం చెబుతాను. అన్నం వండేటప్పుడు ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కన కుండలో వేస్తారు. అది దేవుడి కుండ. ఇంట్లో గింజలు నిండుకున్నా దాని జోలికి పోరు. వారం తిరిగాక మూట కట్టి గుడికి తెస్తారు. ఉపదేశి ఆ బియ్యాన్ని అందరి ముందూ తవ్వతో కొలిచి, అందరివీ కలిపేసి, పూజ అయ్యాక అరుగు మీద వేలం వేస్తాడు. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, చౌకడిపో బియ్యం అన్నీ ఒకటే రాశి. ఎవరివి ఎన్నో ఇక కనిపించదు. కలవడానికి ముందు మాత్రం ప్రతి మూటా ఉపదేశి పుస్తకంలో పడుతుంది. అట్టచిరిగిన పొడుగు పుస్తకం, ఎడమవైపు ఇంటిపేరు, కుడివైపు కొలత, కింద వేలంలో పలికిన ధర, ఇద్దరు పెద్దల సంతకాలు. సంతకం రానిచోట వేలిముద్ర. ఆ వేలిముద్ర విలువ మనం గుర్తించలేదు. చదువురాని మనిషి గుడి లెక్కకు సాక్షిగా నిలబడ్డాడన్నమాట.

కోతల పండుగ వేలం మరీ చూడముచ్చట. ఉద్దానం గనక కొబ్బరికాయలు, పనసకాయలు, జీడిపిక్కలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోడిపుంజు పీఠం ముందు చేరతాయి. సంఘపెద్ద పనసకాయను భుజానికెత్తుకుని ఒకటోసారి, రెండోసారి అని అరుస్తుంటే, సంతలో యాభైకి వచ్చే కాయను బావమరిది మీద పంతానికి నాలుగు వందలకు పాడినవాళ్లుంటారు. పాడినవాడు కాయను ఇంటికి పట్టుకుపోకుండా మళ్లీ గుడికే ఇచ్చేస్తే, దాన్ని రెండోసారి వేలం వేస్తారు. నిధుల సేకరణ మీద పట్నాల్లో శిక్షణ తరగతులు పెడుతున్నారు. ఆ తరగతులు చెప్పేవాళ్లను ఒకసారి కోతల పండుగకు రమ్మనాలి.

ఇది మన దగ్గరే ఉన్న పద్ధతి కాదు. మిజోరంలో ప్రెస్బిటేరియన్ సంఘం ఆడవాళ్లు 1910లో ఇదే పిడికెడు బియ్యం మొదలుపెట్టారు. ఇవాళ ఆ సంఘానికి అది ప్రధాన ఆదాయాల్లో ఒకటి. అక్కడ అది పెరిగింది, మన దగ్గర తరిగింది. ఎందుకు? బియ్యం కుండలు పోయి కుక్కర్లు వచ్చాయని కొందరంటారు. కుక్కర్లు మిజోరంలోనూ ఉన్నాయి. నా లెక్కలో కారణం వేరు. బయటినుంచి పెద్ద మొత్తాలు వస్తున్నప్పుడు ఈ పిడికెళ్లు మనకు చిన్నగా కనిపించాయి. ‘మీ రెండు కుంచాల బియ్యంతో గుడి లేస్తుందా?’ అన్న మాట ఎక్కడో ఎవరో అని ఉంటారు. ఒకసారి ఆ మాట చెవినపడ్డ తల్లి మళ్లీ మూట కట్టదు.

అసలు సంగతికి వచ్చాను. బయటి డబ్బుతో వచ్చిన చేటు సోమరితనం అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఉప్పుమడిలో పనిచేసేవాణ్ణి సోమరి అనడానికి నోరు రావాలి. చేటు వేరే చోట ఉంది. డబ్బు ఎక్కణ్ణుంచి వస్తే లెక్క అక్కడికి వెళ్తుంది. జర్మనీ నుంచి వచ్చిన డబ్బుకు లెక్క జర్మనీకి వెళ్లింది. ఇంగ్లీషులో, ఫొటోలతో, ఆడిటరు సంతకంతో, గడువు తప్పకుండా వెళ్లింది. దాన్ని తప్పు పట్టను. ఇచ్చినవాడికి లెక్క చెప్పాల్సిందే. కానీ అదే గుడికి రాళ్లు మోసి, ఇసుక తోలి, మేస్త్రీకి అన్నం పెట్టిన ఊరివాళ్లకు ఆ కాగితం ఎవరూ తెలుగులో చదివి వినిపించలేదు. వాళ్లు ఇచ్చినది రశీదు పుస్తకంలోకి ఎక్కలేదు. మూడు తరాలు ఇలా గడిచాక గుడి ఎవరిదని అడిగితే ‘ఫాదర్ గారిది’ అంటున్నారు. ఫాదర్ గారిది అయినప్పుడు రేకు ఎగిరిపోతే ఎవరు వేయించాలి? ఫాదర్ గారే.

రేకు ఎగరడం అంటే మనకు మాటవరస కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను ఈ తీరాన్ని దాటింది. కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా పడిపోయాయి. కొబ్బరి మొక్క వేసి కాపు చూడాలంటే ఐదారేళ్లు. అంటే కోతల పండుగ కానుక కూడా ఐదారేళ్లు పడిపోయిందన్నమాట. అలాంటప్పుడు సాయం వస్తుంది. రావాలి కూడా. అక్కడే ఒక నియమం గుర్తుపెట్టుకోవాలి. కానన్ చట్టం 1267, మూడో భాగం ప్రకారం, ఏ పనికని విశ్వాసులు ఇచ్చారో ఆ పనికే ఆ డబ్బు వాడాలి. తుఫాను బాధితులకని వచ్చిన డబ్బుతో ప్రహరీగోడ కట్టకూడదు, ఆ గోడ ఎంత అవసరమైనా సరే.

బయటి డబ్బు రోజులు ఎలాగూ మారిపోయాయి. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించారు. ఒక సంస్థకు వచ్చిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు ఇవ్వడం ఆగిపోయింది. మేత్రాసన సంస్థ తీసుకుని చిన్న మఠానికి కొంత పంచడం ఇక కుదరదు. నిర్వహణ ఖర్చులకు సగం దాకా ఉన్న పరిమితి 20 శాతానికి దిగింది. ఖాతా ఢిల్లీలో స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోనే తెరవాలి. 2021 క్రిస్మస్ నాడు మదర్ తెరిసా సిస్టర్ల సంస్థకే రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ నిరాకరించి, జనవరి మొదటి వారంలో మళ్లీ ఇచ్చారు. అంత పేరున్నవాళ్లకే అలా అయితే మనబోటి చిన్న సంస్థల మాటేమిటి? అటువైపు ఇచ్చే చెయ్యి కూడా సన్నగిల్లుతోంది. జర్మనీలో 2022 ఒక్క ఏడాదిలోనే 5 లక్షల పైచిలుకు కతోలికులు శ్రీసభ సభ్యత్వం వదులుకున్నారు. అక్కడ సభ్యులు కట్టే శ్రీసభ పన్నే మేత్రాసనాలకు ఆధారం. ఈ రెండు తలుపులూ మళ్లీ పూర్తిగా తెరుచుకుంటాయని ఎదురుచూడటం తెలివైన పని కాదు.

అయితే బయటి డబ్బు అంతా ఒకేలాంటిది కాదు. దీనికి సాక్ష్యం మన పక్కనే సోంపేటలో ఉంది. అక్కడి ఆరోగ్యవరం కంటి ఆస్పత్రిలో పనిచేసిన బెన్ గల్లిసన్ అనే కెనడా బాప్టిస్టు వైద్యుడి మాటలు విని, 1963లో కాల్గరీకి చెందిన ఆర్ట్ జెన్‌కిన్స్ అనే వ్యాపారి ‘ఆపరేషన్ ఐసైట్’ సంస్థ పెట్టారు. పాతిక డాలర్లిస్తే ఒక మనిషికి చూపు వస్తుందన్నదే వాళ్లు దాతల ముందు పెట్టిన మాట. ఎంత ఇవ్వాలి, ఇస్తే ఏమవుతుంది, రెండూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. మన విన్నపపత్రాలు చూడండి. సమగ్రాభివృద్ధి, సాధికారత, చైతన్యం! ఏ పనికి ఎంత అవుతుందో మూడో పేజీ దాకా తెలియదు. బాప్టిస్టుల దగ్గర నేర్చుకోవడం ఏమిటని ఎవరైనా నొచ్చుకుంటే క్షమించాలి. పాఠం పొరుగింట్లో దొరికితే పొరుగింట్లోనే నేర్చుకోవాలి.

వసూలు ఎప్పుడు చేయాలన్నది కూడా పట్నం క్యాలెండర్‌తో కుదరదు. నెలకింత చందా అనేది నెలజీతగాళ్ల పద్ధతి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలూ మత్స్యకార వాడలో చందా పుస్తకం తెరవకూడదు. అదే రోజుల్లో తోటల్లో జీడిపిక్కలు వస్తాయి, ఉప్పు తీస్తారు. వరి డబ్బు సంక్రాంతికి చేతికొస్తుంది. వేరావల్ వెళ్లినవాళ్ల డబ్బు వాళ్లు తిరిగొచ్చాక. ఈ సంగతి ఏ ఆర్థిక నిపుణుడూ చెప్పలేదు, ఉపదేశులకు తెలుసు. కిడ్నీ జబ్బు పట్టి పీడిస్తున్న ఈ ఉద్దానంలో ఏ ఇంట్లో డయాలసిస్ మనిషి ఉన్నారో కూడా వాళ్లకు తెలుసు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం వచ్చాయి. అయినా కిడ్నీ రోగి ఉన్న ఇంటి ఖర్చు ఆ ఇంటికే తెలుసు. అలాంటి ఇంటిని అడగకపోవడమే కాదు, ఆ ఇంటికి గుడి నుంచి ఏం వెళ్తోందో చూడాలి. ఆ వెళ్లినది కూడా లెక్కలో ఒక పద్దుగా కనిపించాలి.

చట్టం మన వైపే ఉంది. ప్రతి విచారణకూ ఆర్థిక మండలి ఉండి తీరాలని కానన్ 537 చెబుతోంది. 1287, రెండో భాగం ప్రకారం, విశ్వాసులు ఇచ్చినదానికి విశ్వాసులకే లెక్క చెప్పాలి. అదెలాగన్నది స్థానిక నియమాలు నిర్ణయిస్తాయి. మండలి అన్నిచోట్లా ఉంటుంది, కాగితం మీద. గురువుగారికి ఎదురు చెప్పని నలుగురి పేర్లు రాసి, ఏడాదికోసారి సంతకాలు తీసుకుంటే మండలి అయిపోదు. ఎదురు ప్రశ్న వేసే ఒక్క మనిషి లేని మండలి మనకెందుకు? ఆ మనిషి జీడి కార్ఖానాలో కూలి లెక్క రోజూ సరిచూసుకునే ఆడమనిషి అయితే ఇంకా మంచిది. ఆమెను పావుకిలో దగ్గర కూడా ఎవరూ మోసం చెయ్యలేరు.

గురువుల్లో కొందరికి ఇది అపనమ్మకంలా తోస్తుంది. వాళ్లకు పునీత పౌలును గుర్తుచేస్తాను. యెరూషలేములోని పేదల కోసం ఆయన ఊరూరా చందాలు వసూలు చేశాడు. వారం మొదటి రోజున ఎవరి శక్తికొలది వాళ్లు కొంత తీసి పక్కన పెట్టమని కొరింతువాళ్లకు రాశాడు. మన దేవుడి కుండలాంటిదే అది. ఆ డబ్బు తీసుకెళ్లడానికి మాత్రం తాను ఒక్కడే బయల్దేరలేదు. సంఘాలు ఎంచుకున్న మనుషులను వెంటబెట్టుకున్నాడు. ఇంత పెద్ద మొత్తం విషయంలో ఎవరూ తనను వేలెత్తి చూపకూడదని తానే చెప్పుకున్నాడు. అపొస్తలుడికే సాక్షులు కావలసివస్తే మనం నొచ్చుకోవడం దేనికి? నిజానికి లెక్క చెప్పడం గురువుకే రక్షణ. చెప్పని లెక్క మీద ఊళ్లో పుట్టే వదంతికి ఆడిటు ఉండదు.

చివరిగా, ఎవరి పేరిట సమావేశమయ్యామో వాళ్ల సంగతి. శ్రీసభ సేవకు జీవితం అంకితం చేసిన గృహస్థులకు గౌరవంగా బతకగలిగే వేతనం పొందే హక్కు ఉందని కానన్ 231 చెబుతోంది. 1286 కూడా, పనిచేసేవాళ్లకు న్యాయమైన కూలి ఇవ్వమని ఆస్తులు చూసేవాళ్లకు చెబుతోంది. ఉపదేశికి మనం ఏమిచ్చాం? పండక్కి ఒక పంచె, నెలకు ఏదో ఒక మొత్తం, పోయాక ఒక పూజ. ఊరి బియ్యమంతా కొలిచిన మనిషి తన ఇంటికి బియ్యం అప్పు తెచ్చుకున్న రోజులు ఈ ముందు వరసల్లో కూర్చున్న ఉపదేశుల కుటుంబాలవారికి తెలుసు. విదేశీ పథకాల్లో భవనానికి పద్దు ఉండేది, జీపుకు పద్దు ఉండేది. ఉపదేశి జీతానికి చాలాసార్లు ఉండేది కాదు, ఉన్నా పథకంతోపాటే ముగిసేది. ఇది ఇక బయటివాళ్లు తీర్చే బాకీ కాదు. స్థానికంగా వచ్చే డబ్బులో మొదటి ఖర్చు ఇదే కావాలి. దీపాలు, మైకు, రంగులు, పండుగ టపాకాయలు దీని తర్వాత.

అందుకని విచారణ గురువులకూ పెద్దలకూ నా విన్నపం ఇది. ఈ ఆగమన కాలం మొదటి ఆదివారం నుంచి, ప్రధాన గుళ్లోనే కాదు, పూజ జరిగే ప్రతి ఊళ్లోనూ, ఆ ఊరి జమాఖర్చు తెలుగులో పైకి చదవండి. పది నిమిషాలు కూడా పట్టదు. ఎవరు ఎంత ఇచ్చారని పేర్లు చదవద్దు, పేదవాణ్ణి సిగ్గుపరచద్దు. మొత్తం ఎంత వచ్చింది, దేనికి ఎంత అయింది, ఎంత మిగిలింది, అంతే చదవండి. తర్వాత ఆ కాగితం గుడి తలుపుకు అంటించండి. ఖర్చుల్లో మొదటి వరసలో ఉపదేశి జీతం రాయండి. ఆ వరసలో అంకె చిన్నదిగా కనిపిస్తే, దాన్ని ఎలా పెంచాలో ఆ ఊరివాళ్లనే అడగండి.